ఘన సెంటీమీటరులో రెండు గుంటల నేల: నానో కణాల విషప్రభావాన్ని నల్లగొండ నుంచి చూస్తే

పటిక నల్లగొండకు కొత్త కాదు. మడ్డిగా ఉన్న బిందె నీటిలో పటిక ముక్కను నాలుగుసార్లు తిప్పి పక్కన పెడితే కాసేపటికి మురికి అడుగుకు దిగి పైన తేట నిలుస్తుంది. ఇంటింటికీ తెలిసిన ఈ సంగతినే 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అందరూ 'నీరి' అని పిలిచే సంస్థ, ఇక్కడి నీళ్లలో ఎక్కువగా ఉండి పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడు మీద ప్రయోగించింది. పటికకు సున్నం జోడించి, నీటిని బాగా తిప్పి, తేరనిచ్చి వడగడితే ఫ్లోరైడులో చాలా భాగం ఆ మడ్డితో పాటే కిందికి దిగిపోతుంది. ఈ పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అన్న పేరు స్థిరపడింది. ఫ్లోరైడు బాధ ఉన్న టాంజానియా, ఇథియోపియా వంటి దేశాలు కూడా దాన్ని ఆ పేరుతోనే వాడుకున్నాయి.

పటికలో అసలు పని చేసేది అల్యూమినియం. తర్వాత వచ్చిన యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లలో ఉన్నదీ ఆ లోహమే, కాకపోతే ఆక్సైడు రూపంలో. ఇటీవలి ఏళ్లలో పరిశోధకులు ఆ ఆక్సైడునే నానో పరిమాణంలో తయారుచేసి, గ్రాము పొడితో మరింత ఎక్కువ ఫ్లోరైడును పట్టుకోవచ్చునని చూపుతున్నారు. నీళ్ల కోసం ఇన్ని దశాబ్దాలు అల్లాడిన ప్రాంతానికి ఇది ఆశ కలిగించే కబురే. అయితే నీటిలోని ఫ్లోరైడును లాగి పట్టుకునే గుణమూ, ఒంట్లోకి వెళితే కణజాలాన్ని ఇబ్బంది పెట్టగల గుణమూ ఒకే చోట పుడుతున్నాయి. ఆ చోటు కణం ఉపరితలం. నానో కణాల విషప్రభావం మీద జరుగుతున్న పరిశోధన అంతా దాదాపు దీని చుట్టూనే తిరుగుతోంది.

ఇక్కడ కాస్త లెక్క అవసరం. తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. రక్తంలోని ఎర్రకణం అడ్డుకొలత 7,000 దాకా ఉంటుంది. 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉన్నదాన్ని నానో కణం అంటారు. ఇప్పుడు ఒక ఘన సెంటీమీటరు అల్యూమినా ముక్కను తీసుకుందాం. దాని ఆరు ముఖాల వైశాల్యం కలిపితే 6 చదరపు సెంటీమీటర్లు, చిన్న తపాలా బిళ్లంత. ఆ ముక్కనే 30 నానోమీటర్ల ఘనాలుగా కోసుకుంటూ పోతే మొత్తం ఉపరితలం 200 చదరపు మీటర్లవుతుంది. పొలం కొలతల్లో చెప్పాలంటే రెండు గుంటలు. ఒక్క నానోమీటరు దాకా కోస్తే 6,000 చదరపు మీటర్లు, ఎకరం మీద పందొమ్మిది గుంటలు. బరువు మాత్రం మొదట ఎంతో చివరికీ అంతే. తక్కెడ మీద ఏ తేడా చూపని ఈ మార్పు కణజాలానికి మాత్రం చాలా పెద్దది, ఎందుకంటే రసాయన చర్యలు జరిగేది ఉపరితలం మీద. అక్కడ చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడితే అవి జీవకణం పొరను, ప్రోటీన్లను, డీఎన్‌ఏను దెబ్బతీయగలవు. శరీరం దానికి వాపుతో జవాబిస్తుంది.

హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో డాక్టర్ పరమ్‌జిత్ గ్రోవర్, సహచరులు 2009లో ప్రచురించిన ప్రయోగం సరిగ్గా ఈ అల్యూమినా మీదే. నల్లగొండ వాసులు తప్పకుండా తెలుసుకోవలసిన పని అది. విస్టార్ జాతి ఆడ ఎలుకలను తీసుకుని, కొన్నింటికి 30 నానోమీటర్ల అల్యూమినా, కొన్నింటికి 40 నానోమీటర్లది, మరికొన్నింటికి 50 నుంచి 200 మైక్రాన్ల (ఒక మైక్రాను అంటే వెయ్యి నానోమీటర్లు) మామూలు పొడి నోటి ద్వారా ఇచ్చారు. కిలో శరీర బరువుకు 500, 1,000, 2,000 మిల్లీగ్రాముల చొప్పున మూడు మోతాదులు. తర్వాత రక్తకణాల్లోని డీఎన్‌ఏను పరిశీలించారు.

దానికి వాడిన ఒక పరీక్ష పేరు కామెట్ పరీక్ష, అంటే తోకచుక్క పరీక్ష. రక్తకణాన్ని జెల్‌లో ఉంచి విద్యుత్తు పంపితే, చెక్కుచెదరని డీఎన్‌ఏ ఉన్నచోటే ముద్దగా ఉంటుంది. తెగిన ముక్కలు మాత్రం ఒక పక్కకు పాకి తోకలా పరుచుకుంటాయి. తోక ఎంత పొడవుగా, ఎంత చిక్కగా ఉంటే డీఎన్‌ఏ అంతగా తెగినట్టు. నానో అల్యూమినా ఇచ్చిన ఎలుకల కణాల్లో మోతాదు పెరిగిన కొద్దీ ఈ తోక పెరిగింది. మామూలు పొడి ఇచ్చిన ఎలుకల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పదార్థం ఒకటే, రసాయన సూత్రం ఒకటే. మారింది పలుకు సైజు ఒక్కటే.

ఇంతవరకు చదివి ఫిల్టర్లను బావిలో పారేయవలసిన పని లేదు. అదే బృందం తర్వాత 30 నానోమీటర్ల ఐరన్ ఆక్సైడు మీద కూడా ఇలాంటి ప్రయోగమే చేసి 2013లో ప్రచురించింది. అక్కడ నానో కణాలు మామూలు పొడి కన్నా చాలా ఎక్కువగా అవయవాల్లోకి చేరాయి, కానీ డీఎన్‌ఏకు గణనీయమైన నష్టం కనబడలేదు. రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టుకుంటేనే విషయం తెలుస్తుంది. చిన్నదైనంత మాత్రాన ప్రతిదీ విషం కాదు. చిన్నదైతే ఒంట్లో ఎక్కువ దూరం పోగలదు, అక్కడికి చేరాక ఏం చేస్తుందనేది దాని రసాయనం మీద, కరిగే గుణం మీద ఆధారపడుతుంది. 'నానో మంచిదా చెడ్డదా' అన్న ప్రశ్న 'పొడి మంచిదా చెడ్డదా' అన్నంత అర్థరహితం. పిండీ పొడే, సిమెంటూ పొడే.

మోతాదు సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. కిలోకు 2,000 మిల్లీగ్రాములంటే 50 కిలోల మనిషికి 100 గ్రాములు. ఏ ఫిల్టరు నుంచీ ఎవరూ ఒక్కసారిగా అంత అల్యూమినా మింగరు. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరులో అల్యూమినియం 0.03 మిల్లీగ్రాములకు మించకూడదు, వేరే దారి లేనప్పుడు 0.2 దాకా అనుమతిస్తారు. ఆ పై హద్దులో రోజుకు మూడు లీటర్లు తాగినా ఒంట్లోకి పోయేది 0.6 మిల్లీగ్రాములు. ఎలుకలకు ఇచ్చిన పెద్ద మోతాదుతో పోల్చుకుంటే లక్షన్నర రెట్లకు పైగా తక్కువ. కాబట్టి ఆ ప్రయోగాన్ని చూపి 'ఫిల్టరు నీళ్లు తాగితే జన్యువులు తెగిపోతాయి' అని ప్రచారం చేయడం తప్పు, ఇలాంటి ప్రచారం ఎవరికీ మేలు చేయదు.

అయితే ఆ ప్రయోగం ఒక్కసారి ఇచ్చిన మోతాదుకు, కొద్ది రోజుల గడువుకు సంబంధించినది. మనుషులు తాగేది ఏళ్ల తరబడి. ఈ తేడా ఎంతటిదో నల్లగొండకు చెప్పాలా? లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు ఒక రోజు తాగితే ఏమీ కాదు, ఒక నెల తాగినా ఏమీ తెలియదు. చిన్నప్పటి నుంచి తాగితే పళ్లు గారపడతాయి. ఇంకా ఎక్కువ ఫ్లోరైడు ఉన్న నీళ్లే దశాబ్దాల పాటు తాగితే వెన్నెముక బిగుసుకుపోయి నడుము వంగిపోతుంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో తరాలు ఆ నొప్పిని మోశాయి. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద ఏ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఊళ్లకు నది నీళ్లు పైపుల్లో చేరడానికి ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది. తక్కువ మోతాదు, ఎక్కువ కాలం అన్న జంట ఎంత నిశ్శబ్దంగా పని చేస్తుందో ఇక్కడి ఎముకలు చూశాయి. అందుకే నానో పదార్థాల మీద 'రెండు రోజుల ప్రయోగంలో ఏమీ కాలేదు' అన్న భరోసా ఇక్కడ సరిపోదు. 'పెద్ద మోతాదులో దెబ్బ కనిపించింది' అన్న భయమూ అంతే అసంపూర్ణం. కావలసింది చిన్న మోతాదులో, దీర్ఘకాలం పాటు, మనుషులు నిజంగా తాగే నీటిలాంటి నీటితో జరిగే పరీక్ష.

ఇంకో చిక్కు కూడా ఉంది. కణం సీసాలో ఉన్నట్టు ఒంట్లో ఉండదు. రక్తంలోకి అడుగుపెట్టగానే చుట్టూ ఉన్న ప్రోటీన్లు దానికి అంటుకుని ఒక తొడుగులా ఏర్పడతాయి. కణజాలం చూసేది ఆ తొడుగునే. కరిగే లోహాల కథ మరొకటి: జింక్ ఆక్సైడు లాంటివి జీవకణం లోపలి ఆమ్ల వాతావరణంలో కరిగి జింక్ అయాన్లను వదులుతాయి. గాల్వనైజ్డ్ పైపులు వెల్డింగ్ చేసేవారికి సాయంత్రానికి చలిజ్వరం వచ్చి మర్నాటికి తగ్గిపోవడం వెనక ఉన్నది జింక్ పొగే. టైటానియం డయాక్సైడు అలా కరగదు, కాబట్టి చేరిన చోట పేరుకుంటుంది.

ఇక దారి. నోటి ద్వారా పోయిన దానికీ ముక్కు ద్వారా పోయిన దానికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. పేగులు మింగినదాన్ని చాలావరకు బయటికి పంపేస్తాయి. ఊపిరితిత్తులకు ఆ సౌకర్యం తక్కువ. 10 మైక్రాన్ల దుమ్ము ముక్కులో, గొంతులో చిక్కుకుంటుంది. 20 నానోమీటర్ల కణాల్లో మాత్రం దాదాపు సగం ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా వెళ్లి అక్కడే నిలుస్తాయి. అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో గుంటర్ ఒబర్‌డార్‌స్టర్ బృందం 1990లలో ఎలుకల చేత టైటానియం డయాక్సైడు పీల్పించి చూసింది. 20 నానోమీటర్ల కణాలు, 250 నానోమీటర్ల కణాలు సమాన బరువులో ఇచ్చినా చిన్నవాటితోనే ఊపిరితిత్తుల్లో వాపు ఎక్కువ వచ్చింది. ఫలితాలను బరువు లెక్కన కాక ఉపరితలం లెక్కన గీసి చూస్తే రెండూ ఒకే గీత మీదికి వచ్చాయి. పైన చెప్పిన గుంటల లెక్క అసలు బలం ఇదే. 2004లో అదే శాస్త్రవేత్త బృందం ఎలుకలు పీల్చిన కార్బన్ నానో కణాలు వాసన నాడి వెంట నేరుగా మెదడు ముందుభాగానికి చేరుతున్నట్టు చూపింది. మరుసటి ఏడాది ఆయన తన పిల్లలతో కలిసి రాసిన సమీక్షా వ్యాసంతో నానోటాక్సికాలజీ అన్న పేరు ఒక శాస్త్రశాఖగా నిలబడింది.

మనుషుల్లో కూడా కొంత తెలుసు. ఎడిన్‌బరో పరిశోధకులు ఆరోగ్యవంతులైన వాలంటీర్ల చేత బంగారు నానో కణాలు పీల్పించి 2017లో ఫలితాలు ప్రచురించారు. 24 గంటల్లోపే ఆ బంగారం రక్తంలో కనబడింది, మూడు నెలల తర్వాత కూడా రక్తంలోనూ మూత్రంలోనూ జాడ ఉంది. అంతకు ముందు ఏడాది బార్బరా మాహర్ బృందం మెక్సికో సిటీ, మాంచెస్టర్ వాసుల మెదడు కణజాలంలో వాహనాల పొగ, బ్రేకుల రాపిడి వంటి వేడి నుంచి పుట్టే మాగ్నటైట్ అనే ఐరన్ ఆక్సైడు గుండ్రటి నానో కణాలను చూసింది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి పక్కన హోటలు, పంక్చరు దుకాణం నడుపుకునేవారు రోజంతా పీల్చేది ఇలాంటి గాలినే. నానో కణం అనగానే ప్రయోగశాల గుర్తుకొస్తుంది గానీ, మనిషి తరతరాలుగా పీలుస్తున్న నానో కణాలు పొయ్యి పొగలోనూ బండి పొగలోనూ ఉన్నవే.

అల్యూమినాను పీలిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు చరిత్రలో ఒక బాధాకరమైన జవాబు ఉంది. కెనడాలోని ఒంటారియో గనుల్లో రాతిదుమ్ము వల్ల కార్మికులకు సిలికోసిస్ వస్తుంటే, అల్యూమినియం పొడి ముందే పీల్చుకుంటే అది సిలికాను కప్పేసి కాపాడుతుందని కొందరు నమ్మారు. 1943 నుంచి 1979 దాకా కార్మికులను దుస్తులు మార్చుకునే గదిలో కూర్చోబెట్టి, తలుపులు మూసి, మెక్‌ఇంటైర్ పొడి అనే నల్లటి సన్నపొడిని గాలిలోకి వదిలేవారు. అందులో నానో స్థాయి కణాలు కూడా ఉన్నాయి. 2020లో వెలువడిన అధ్యయనం ఆ కార్మికుల్లో పార్కిన్సన్ జబ్బు ఎక్కువగా ఉన్నట్టు చూపింది. 2022లో దాన్ని వృత్తి సంబంధ వ్యాధిగా అక్కడ గుర్తించారు. మందు అని పీల్పించిన పొడి వల్ల కలిగిన నష్టం లెక్కలోకి రావడానికి, అది ఆపేశాక కూడా 40 ఏళ్లు పట్టింది.

ఈ కథ పాలమూరుకు దూరపు కథ కాదు. దేశమంతటా ఆనకట్టలకూ సొరంగాలకూ రాళ్లు పగలగొట్టిన చేతులు పాలమూరు కూలీలవి. రాయి పగిలినప్పుడు లేచే సిలికా దుమ్ములో కంటికి కనబడే భాగం కన్నా కనబడని భాగమే ఎక్కువ హాని చేస్తుంది. అప్పుడే పగిలిన సిలికా ముక్క అంచుల మీద తెగిన రసాయన బంధాలు బహిరంగంగా ఉంటాయి కాబట్టి, పాతబడిన దుమ్ము కన్నా తాజా దుమ్ము ఎక్కువ విషపూరితం. స్ఫటిక సిలికాను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. నానో కణాల మీద ఈనాడు చెప్పుకుంటున్న సూత్రాలన్నీ, అంటే ఉపరితలం, కరగకపోవడం, పీల్చే దారి, ఏళ్ల తరబడి పేరుకోవడం, క్వారీ కార్మికుడి ఊపిరితిత్తుల్లో ఎప్పుడో రాసి ఉన్నవే.

మిర్యాలగూడ బియ్యం మిల్లుల వైపు చూస్తే ఇదే సిలికా మరో వేషంలో కనిపిస్తుంది. వంద కిలోల వడ్లు ఆడితే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. దాన్ని బాయిలర్లలో కాల్చితే నాలుగు కిలోల దాకా బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా. తక్కువ వేడిలో కాలిస్తే ఆ సిలికా స్ఫటిక రూపం దాల్చదు. దాన్ని నీటి ఫిల్టర్లలో, నానో సిలికా తయారీలో వాడుకోవచ్చు. వేడి అదుపు తప్పి బాగా పెరిగితే అందులో కొంత క్రిస్టోబలైట్ అనే స్ఫటికంగా మారుతుంది. అంటే ఒకే మిల్లు బూడిద మంటను బట్టి ఉపయోగకరమైన ముడిసరుకూ కావచ్చు, క్వారీ దుమ్ముకు దగ్గరి చుట్టమూ కావచ్చు. బూడిదను ఎత్తే కూలీకి ముఖానికి కట్టుకున్న తువ్వాలు తప్ప మరో రక్షణ లేని చోట్ల ఈ తేడాను కొలిచి చూడటం పెద్ద పని కాదు, పెద్ద ఖర్చూ కాదు. అది జరగాలి.

ఈ శాస్త్రంలో పొరపాట్లు కూడా జరిగాయి, వాటిని దాచకూడదు. 2004లో ఫుల్లరీన్ అనే కార్బన్ నానో కణాలు చేపల మెదడుకు హాని చేస్తున్నాయన్న ఫలితం ప్రపంచమంతా ప్రచారమైంది. ఆ కణాలను నీటిలో కలపడానికి వాడిన ద్రావకం, అది విడిపోగా మిగిలిన పదార్థాలే ఆ హానిలో చాలా భాగానికి కారణం కావచ్చునని తర్వాతి పరిశోధనలు చూపాయి. 2008లో పొడవాటి కార్బన్ నానోట్యూబులు ఎలుకల పొట్టపొరలో ఆస్బెస్టాస్ లాంటి వాపు తెచ్చాయన్న ఫలితం మాత్రం నిలబడింది. అక్కడ కారణం ఆకారం. దుమ్మును మింగి శుభ్రం చేసే భక్షక కణం తనకన్నా పొడవైన పుల్లను పూర్తిగా మింగలేదు, సగం మింగి చిక్కుకుని రసాయనాలు కక్కుతుంది.

నియంత్రణ సంస్థలు నెమ్మదిగానైనా కదులుతున్నాయి. తెల్లరంగు కోసం మిఠాయిల్లో, చూయింగ్ గమ్‌లో వాడే టైటానియం డయాక్సైడును ఇక సురక్షితమని చెప్పలేమని 2021లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ ప్రకటించింది, 2022లో ఆహారంలో దాని వాడకాన్ని ఐరోపా సమాఖ్య నిషేధించింది. మన దేశంలో వ్యవసాయ, ఆహార నానో ఉత్పత్తులను ఎలా పరీక్షించాలో చెప్పే మార్గదర్శకాలను జీవసాంకేతిక విభాగం 2020లో విడుదల చేసింది. మరుసటి ఏడాదే నానో యూరియా ఎరువుల దుకాణాలకు వచ్చింది.

సాగర్ ఎడమ కాలువ కింద వరి రైతుకు నానో యూరియా మీద రెండు రకాల ప్రశ్నలుంటాయి, వాటిని కలిపేయకూడదు. మొదటిది పంటకు సరిపోతుందా అన్నది. నాలుగు శాతం నత్రజనితో వచ్చిన అరలీటరు సీసాలో 20 గ్రాముల నత్రజని, 45 కిలోల బస్తాలో 20 కిలోలకు పైగా. ఈ తేడాను శాస్త్రవేత్తలు గట్టిగానే ప్రశ్నించారు. రెండోది ఆరోగ్యం. యూరియా నీటిలో ఇట్టే కరిగిపోయే పదార్థం, టైటానియంలా ఊపిరితిత్తుల్లో పేరుకునేది కాదు. అందుకే ఇక్కడ చూడవలసింది కణాన్ని విడివిడిగా నిలిపి ఉంచడానికి కలిపిన పదార్థాలను, దాన్ని పొగమంచులా మార్చే యంత్రాన్ని. లీటరు నీటికి రెండు నుంచి నాలుగు మిల్లీలీటర్లు కలిపి, వీపున తైవాన్ పంపు వేసుకుని, గాలికి ఎదురు నడుస్తూ పిచికారీ చేసే మనిషి ఆ తుంపరను పీలుస్తాడు. అదే ట్యాంకులో పురుగుమందు కూడా కలిపితే ఏం పీల్చాడో చెప్పడం ఎవరి తరమూ కాదు. జింక్, రాగి, వెండి నానో మందులు పొలానికి వచ్చే కొద్దీ ఈ ప్రశ్న బరువెక్కుతుంది, ఎందుకంటే అవి యూరియాలా మాయమైపోవు. సీసా మీద పంట పేరు, మోతాదు ఉన్నట్టే కణం సైజు, పూత, పీలిస్తే తీసుకోవలసిన జాగ్రత్త తెలుగులో ఉండాలని రైతు సంఘాలు అడగడం న్యాయం.

మళ్లీ ఫిల్టరు దగ్గరికి వస్తే, నల్లగొండ టెక్నిక్ కాలం నుంచీ తేలని సంగతి మడ్డి. పటిక పద్ధతిలో ఫ్లోరైడు మాయం కాదు, అడుగున తేరిన మడ్డిలోకి చేరుతుంది. నానో అల్యూమినా ఫిల్టరులోనూ అంతే, నిండిపోయిన పొడి ఎక్కడికో పోవాలి. నీటిలో ఉన్నంతసేపు ఆ కణాలు తడిగా, ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఆ పొడి ఉన్న ఫిల్టరు గొట్టాన్ని వాడేశాక ఇంటి వెనక గుంతలో పడేస్తే వేసవిలో ఎండుతుంది, పగులుతుంది, గాలికి లేస్తుంది. అప్పటిదాకా నోటి దారిలోనే పరీక్షించిన పదార్థం ఆ రోజు ముక్కు దారిలోకి వస్తుంది. ఫిల్టరు అమ్మేవారిని, ఊరికి కొని పెట్టే పంచాయతీని అడగవలసినవి కొన్ని ఉన్నాయి: నీటిలోకి అల్యూమినియం ఎంత వదులుతోందో ఎప్పుడు కొలిచారు, కణాలు విడిపోకుండా దేనికి అతికించారు, నిండిన గొట్టాన్ని ఎవరు, ఎన్ని నెలలకు వెనక్కి తీసుకుంటారు.